దీపం చుట్టూ జానెడు జాగా

ఆ రోజుల్లో ప్రశ్నించడమంటే నా తర్వాతే ఎవరైనా అనుకునేవాణ్ణి. కాలేజీలో హేతువాద సభల్లో మైకు పట్టిన చెయ్యి, తొంభైల్లో దోహాలో సైట్ ఇంజనీరుగా చేరాక కూడా ఊరుకునేది కాదు. క్యాంపులో ఎవరి మెడలోనైనా తాయెత్తు కనిపిస్తే చాలు, అరగంట ఉపన్యాసం (పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడి వినేవారు, పాపం. చల్లారేది వాళ్ళ అన్నమే, నేను కాదు).

దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో మా మేనేజరు గారి విల్లా ఎండకు ఉడికిపోతోందని, అటకలో గ్లాస్ వూల్ (వేడిని ఆపే గాజుదూది) పరిపించే పని నాకు అప్పగించారు. కింద హాలు సీలింగ్‌లో పొదిగిన లైట్లు పన్నెండు. పని చేసేది మా కంపెనీ ఎలక్ట్రీషియన్, జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అటకలోకి తల పెట్టి చూద్దును కదా, ప్రతి లైటు చుట్టూ జానెడు మేర ఖాళీ వదిలేశాడు. ఎవరు చెప్పారని అడిగాను.

"మా ఉస్తాద్ చెప్పిండు సార్."

ఇంకేం కావాలి నాకు? పని నేర్పిన ఉస్తాద్ చెప్పాడని ఖాళీ వదిలేవాడికీ, బాబా చెప్పాడని బూడిద పూసుకునేవాడికీ తేడా ఏమిటని నిచ్చెన మీదే నిలబడి దులిపేశాను. అతనేదో చెప్పబోయాడు. నా మాటల మధ్య సందు దొరక్క, ఆ ఖాళీలన్నీ నింపేశాడు.

మర్నాటి సాయంత్రం నుంచి, వేసిన అరగంటకల్లా లైట్లు వాటంతట అవే ఆరిపోవడం, కాసేపటికి వెలగడం. ఇంట్లో ఏదో ఉందని మేనేజరు గారి భార్య పట్టుపట్టారు. చేతికి మూడు ఉంగరాలున్న మేనేజరు గారు వాస్తు పుస్తకం తిరగేశారు. దయ్యానికి డ్యూటీ టైము ఉండదని వాళ్ళిద్దర్నీ వెక్కిరించి, ఎలక్ట్రీషియనే వైర్లు వదులుగా బిగించాడని నేను కాగితం రాసిచ్చాను. అయితే అతన్ని ఇంటికి పంపేద్దామన్నారు మేనేజరు గారు.

కబురు తెలిసి అతను నా దగ్గరికొచ్చాడు. గొడవ పడలేదు.

"ఒక్కపారి ఎక్కి, చెయ్యి పెట్టి చూడున్రి సార్. గంతే."

ఎక్కాను. గ్లాస్ వూల్ కిందికి వేళ్ళు దూర్చీ దూర్చగానే చుర్రుమన్నాయి. వేడి పోయే దారి లేక, కాలిపోకుండా లైటు తనను తాను ఆర్పుకుంటోంది, చల్లబడ్డాక వెలుగుతోంది. ముందే చెప్పొచ్చుగా అని అతని మీదే విసుక్కున్నాను.

"ఎవరు చెప్పిన్రని అడిగిన్రు సార్. ఎందుకని అడగలె."

ఇద్దరం కలిసి పన్నెండు లైట్ల చుట్టూ జానెడు జానెడు పీకేశాం. మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి, నా కాగితం నేనే చింపాను. అతని ఉద్యోగం నిలబడింది. లైట్లూ నిలబడ్డాయి. పొద్దున గుమ్మానికి కట్టిన నిమ్మకాయల మహిమ అన్నారు మేనేజరు గారి భార్య. నేను నోరెత్తలేదు. జీవితంలో అదే మొదటిసారి. ఒంటి నిండా గ్లాస్ వూల్ దురద, గోక్కోవడానికే రెండు చేతులూ చాలడం లేదు.

ఇప్పటికీ ఏ సభలోనో ఓ కుర్రాడు లేచి "ఎవరు చెప్పారండీ మీకు?" అని గద్దిస్తుంటే, నిచ్చెన మీది ఆ ఇంజనీరే గుర్తొచ్చి నవ్వొస్తుంది. మెడ వెనక కాస్త దురద కూడా.