మూడో వన్స్‌మోర్

పాముది పన్నెండేళ్ల పగ అంటారు. నాది నలభై రెండేళ్లది. మొన్న చలికాలంలో, మా జహీరాబాద్‌లోని చిన్న చిత్రకళా మ్యూజియంలో అది తీర్చుకున్నాను.

ఆ మ్యూజియం హైవే పక్కన పాత అల్లం గోదాములో ఉంటుంది. ఏడాదికోసారి సభ్యులను పిలిచి, బొమ్మల మధ్య కుర్చీలు వేసి ఏదో ఒక కచేరీ పెడతారు. ఈసారి కార్డు మీద ‘ఒపేరా సాయంత్రం’ అని వేశారు. నిర్వాహకుడు మైకు పట్టుకుని, "ఒపేరా అంటే ఏందోనని పరేషాన్ గాకున్రి. పాడుకుంట ఆడేదే. మన పద్యనాటకమే" అన్నాడు. నాకు ఆ పరేషాన్ లేదు. కార్డు మీద రాజు వేషం కట్టే మనిషి ఫోటో చూసిన రోజే మొదటి వరుసలో కుర్చీ చెప్పి పెట్టుకున్నాను.

నా పందొమ్మిదో ఏట న్యాల్‌కల్ ఊళ్లో ఆడిన నాటకంలో ఆయన రాజు, నేను రాణి. నా మొదటి పద్యం అవగానే జనం "వన్స్‌మోర్" అని కేకలు వేశారు. పద్యనాటకంలో అంతకు మించిన బహుమానం లేదు. ఆ కేక పడితే పద్యం మళ్లీ మొదటి నుంచి పాడాల్సిందే. నేను ఎత్తుకున్నాను. ఆయన చెయ్యి చూపించి హార్మోనియం ఆపించారు. "గిదేం గొంతు? రేకు డబ్బల రాళ్లు పోసి ఊపినట్టున్నది. ఒక్కసారి ఇన్నదే ఎక్కువ" అన్నారు, మైకులోనే. కేకలు వేసినవాళ్లే పగలబడి నవ్వారు. మా నాయన మళ్లీ నన్ను స్టేజీ ఎక్కనివ్వలేదు. ఆ గొంతుతో బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పించి, నిరుడు రిటైరయ్యాను.

ఆ సాయంత్రం ఆయన కిరీటం పెట్టుకుని వచ్చారు. డెబ్బై దాటాయి. పద్యం బాగానే పాడారు గానీ, చివరి రాగం దగ్గర ఊపిరి అందక మెడ నరాలు లేచాయి. నాకు దారి దొరికింది.

సభ్యులంతా బొమ్మలు చూసేటప్పటిలాగే కిక్కురుమనకుండా కూర్చున్నారు. నేను లేచి "వన్స్‌మోర్!" అని అరిచాను. ఆయన ముఖం వెలిగిపోయింది. మళ్లీ పాడారు. నా పక్కన ట్రాక్టర్ల కంపెనీ ఇంజనీరు భార్య కూర్చుంది. "అట్ల అడగొచ్చా మేడం?" అంది.

"అడగకుంటేనే ఆయనకు అవమానం" అన్నాను.

ఆమె నాకంటే గట్టిగా అరిచింది. వెనక వరుసలోని డాక్టర్ సాబ్, ముషాయిరాలకు పోయే అలవాటున్న మనిషి, "ముకర్రర్! ముకర్రర్!" అని అందుకున్నారు. ఉర్దూ కవిత నచ్చితే మళ్లీ చదవమని అడిగే మాట అది. డాక్టర్ సాబ్ నిండు మనసుతోనే అడిగారు. నా మనసు సంగతి ఆయనకేం తెలుసు?

మూడోసారి రాగం సగంలో తెగింది. దగ్గు తెర వచ్చింది. హార్మోనియం ఒక్కటే కాసేపు మోగి ఆగింది. రాజుగారు రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, మా ఇంటికి కోడలు వచ్చిన రోజు కూడా నేను అంత సంతోషపడలేదు.

మిగతా ఆట మాటలతోనే ముగించారు. తర్వాత ఆయనే వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చారు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"మల్ల పాడుమని నన్ను అడగక ఎన్నేండ్లాయెనో బిడ్డా. నీ పుణ్యాన ఇయ్యాల ఆ మాట ఇన్న. ఎవరి బిడ్డవు నువ్వు?"

దాచుకోలేదు. న్యాల్‌కల్, రాణి వేషం, ఆగిన హార్మోనియం, ఆయన అన్న మాట, అన్నీ ముఖం మీదే చెప్పాను. ఆయన కిరీటం తీసి చంకలో పెట్టుకుని నా ముఖంలోకి వంగి చూశారు. ఏడుస్తారేమో, తప్పయిందంటారేమో అని చూస్తూ నిలబడ్డాను.

"అట్ల శానమందిని ఆపించిన బిడ్డా" అన్నారు. "అండ్ల నువ్వెవరో యాదికొస్తలేదు."

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే గుర్తు లేదు. నలభై రెండేళ్లు నేను రోజూ తలుచుకున్న మనిషి నన్ను ఒక్కరోజు కూడా తలుచుకోలేదు.

"జర వేడినీళ్లున్నయా? గొంతు మండుతున్నది" అని అడిగారు.

నా సంచిలో ఫ్లాస్కు నిండా ఉన్నాయి. లేవన్నాను.