చింతపండు తోమిన తూటా

మొన్న పలాస బజారులో ఇత్తడి దీపపు కుంది ఒకటి బేరమాడుతుంటే, మా ఆవిడ సంచీలోంచి అయస్కాంతం తీసి దానికి ఆనించింది. టక్కున అతుక్కుంది. లోపల ఇనుము, పైన పూత. కొట్టువాడి మొహం మాడిపోయింది. నాకు మాత్రం మావయ్య తూటా గుర్తొచ్చి, బేరం మరిచి నిలబడిపోయాను.

పలాసలో ఇంకా సెల్‌ఫోన్లు మోగని రోజుల్లో మావయ్య పటాలం నుంచి రిటైరై, సోంపేట దగ్గరి మా ఊరొచ్చాడు. ట్రంకుపెట్టెలో మోచేతి పొడవు ఖాళీ ఫిరంగి తూటా తెచ్చాడు. తానే పేల్చాడట. మందు అంటుకోగానే ఇత్తడి ఉబ్బి గొట్టాన్ని కరుచుకుని, మరుక్షణం ముడుచుకుని వదిలేస్తుందట. ఉక్కుకి ఆ మర్యాద తెలీదట. జీడితోటలో ఎలుగుబంటి ఎదురైతే ఆ తూటా చూపించాడనీ, అది సెల్యూట్ కొట్టి వెళ్లిపోయిందనీ ఊళ్లో చెప్పుకునేవారు. సెల్యూట్ నేను కలిపిందే. ఏటా పంద్రాగస్టుకి బళ్లో జెండా ఎగరేసేది మావయ్యే. పక్కన బల్ల మీద బంతిపూలతో ఆ తూటా ఉండాల్సిందే.

అత్తయ్య దాన్ని దేవుడి గదిలో పెట్టుకుంది. ఇత్తడి కదా అని, గురువారం వస్తే చాలు, బిందెలతోపాటు చింతపండు వేసి, ఇటికపొడితో పరపరా తోమేది. కొన్నేళ్లకి నడుం దగ్గర తెల్లబడింది. ఓ వానాకాలం సముద్రపు గాలికి ఎర్రగా తుప్పు పట్టింది.

"ఏటి మావా, ఇత్తడికి తుప్పేటి? నౌపడ ఉప్పు మడుల్లో పంపు గొట్టం కోసుకొచ్చీసినావేటి?" అన్నాడు ఎదురింటి బావ. అరుగంతా నవ్వింది.

మావయ్య పాత రేడియో విప్పి, అందులోని అయస్కాంతం తీసి తూటాకి పెట్టాడు. అతుక్కుంది. పీకి, మళ్లీ పెట్టాడు. "ఇత్తడనే సెప్పినారు మాకు," అన్నాడు నావైపు తిరిగి. "అయితే మరి నాను పేల్సినదేటిరా?" ఎలుగుబంటి చేత సెల్యూట్ కొట్టించిన నేను వంగి రేడియో మరలు ఏరడం మొదలెట్టాను.

ఆ ఏడు జెండాకి రానని పడుకున్నాడు. అత్తయ్య ఆ తుప్పుతోనే తూటాకి బంతిపూలు పెట్టి, చంకనెత్తుకుని బడికి బయల్దేరింది. బావని చూసి ఆగింది. "ఆ మెరుపు తోమీసింది నాను. అడిగితే నన్నడుగు. ఆయన్నేటి అడుగుతావు?" బావ దారిచ్చాడు. కాసేపటికి మావయ్య చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటూ వెనకే పరిగెత్తాడు. జెండా ఎగిరింది. కానీ తూటా సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

తూటాలు ఉక్కుతోనూ చేస్తారనీ, కొన్నిటికి ఇత్తడి పూత వేస్తారనీ ఈ మధ్యనే విన్నాను. చెబుదామంటే మావయ్య లేడు. అదే నిజమైతే ఆయన అబద్ధమాడలేదు. ఆయన చెప్పింది మాత్రం నిజం కాదు. దీన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలీదు. కాలం కూడా మనల్ని కక్షగట్టి కాదు, అత్తయ్యలా భక్తిగానే తోముతుందేమో. ఏది పూతో, ఏది లోహమో దానికి మాత్రం ఏం తెలుసు?