ఉస్తాద్ పట్టుకున్న కుదుపు

మంగళవారం పొద్దున ఉస్తాద్ తమ్ముడు దవాఖానకు ఫోన్ చేసి, "అన్న పోయిండు" అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేసి వ్యాన్ కడగడానికి పోయాను. అద్దాలు కూడా తుడిచాను. మధ్యాహ్నం లక్సెట్టిపేటలో వాళ్లింటికి వెళ్లి ఆయన్ని చూశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. గుర్తున్నది మీకు చెబుతున్నాను, అంతే.

నేను దవాఖాన డ్రైవర్ని, ఆయన మా మెకానిక్. ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకొని వినేవాడు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. చాయ్ ఎప్పుడూ చల్లారిపోయాకే తాగేవాడు.

అప్పట్లో మాకు విదేశీ దాతలిచ్చిన వ్యాన్ ఉండేది. క్లచ్ లేదు, గేర్లు వాటంతటవే మారేవి. ఒక వానాకాలం దానికి పిచ్చి పట్టినట్టయింది. నిదానంగా పోతుంటే ఉన్నట్టుండి గేరు మారి గుంజేది. ఎత్తు ఎక్కేటప్పుడు మారాల్సిన గేరు మారేది కాదు. వెనక పడుకున్న రోగులు అరిచేవారు. ఉస్తాద్ చూసి గేర్ బాక్స్ పోయిందన్నాడు. దించి విప్పాడు. పదిహేను రోజులు బండి షెడ్డులోనే ఉంది.

ఆ రోజుల్లోనే నొప్పులు పడుతున్న ఒకామెను ఎడ్లబండిలో తెచ్చారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. షెడ్డుకు పోయి ఆ మాట చెప్పాను. ఆయన చేతిలోని పానా కింద పెట్టాడు.

గేర్ బాక్స్‌లో ఏ లోపమూ దొరకలేదు. తిరిగి బిగించి, ఈసారి ఇంజన్ దగ్గర మొదలుపెట్టాడు. యాక్సిలరేటర్ ఎంత తొక్కామో గేర్లకు తెలిపే చిన్న సెన్సర్ ఒకటుంటుంది. దానికి మీటర్ తగిలించి, ఇంజన్‌కు గాలి వదిలే థ్రాటిల్ మూతను చేత్తో మెల్లగా తిప్పాడు. ముల్లు సాఫీగా లేవాలి. సగం దాకా లేచి టక్కున పడిపోయి, మళ్లీ ఎగిరింది. మూడుసార్లు తిప్పినా అంతే.

"గిదే," అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు.

హైదరాబాద్ పోయి, పాత విదేశీ బండ్ల సామాన్లలో అలాంటిదే వెతికి తెచ్చాడు. రెండు స్క్రూలు. మీటర్ చూసుకుంటూ సరిగ్గా కూర్చోబెట్టి బిగించడానికి గంట కూడా పట్టలేదు.

తర్వాత మా దవాఖాన డాక్టరమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "గేర్ బాక్స్ మంచిగనే ఉండె అమ్మా. నేనే తప్పు చెప్పిన. చిన్నది చూడకుండ పెద్దది విప్పిన."

చెప్పకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె బండి నడిపి చూశారా అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత ఏళ్లపాటు ఆ వ్యాన్ ఎందరినో వేళకు చేర్చింది. నాకు మాత్రం మొదటి ప్రయాణమే గుర్తొస్తోంది. ఖానాపూర్ రోడ్డు ఎక్కాం. పక్క సీట్లో కూర్చోమంటే ఉస్తాద్ వద్దన్నాడు.

"పేషెంట్లు పండే కాడ పంట. కుదుపు ఆడనే తెలుస్తది."

వెనక పరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకొని. గేర్లు మారుతున్నట్టే తెలియలేదు. చాలా దూరం పోయాక ఆపనా అని అడిగాను.

"ఆపకు," అన్నాడు. "ఇంకింత దూరం పోనియ్యి."

అద్దంలోంచి చూశాను. వ్యాన్ పైకప్పునే చూస్తున్నాడు. రెండు పక్కలా తడిసిన వరిపొలాలు వెనక్కి పోతూనే ఉన్నాయి.