ఎర్ర రవికల భజన

మొన్న మా మనవరాలి కాలేజీవాళ్ళు విజయనగరంలో ఏదో కార్యక్రమం పెట్టుకుని, నన్ను కూడా బలవంతాన తీసుకువెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఈ మోకాళ్ళతో కుర్చీలో కుదురుకోవడమే నాకో పెద్ద పని, ఆ సర్దుకోవడంలో నేనుండగానే తెర లేచింది. మన ప్రాంతపు పాత భజన పాటలు, అచ్చంగా ఆనాటి వేషధారణతో, అని మైకులో ఒకమ్మాయి ముద్దుముద్దుగా చెప్పింది. అందరికీ ఎర్ర అంచు నేత చీరలు, భుజం మీద కొంగుముడి, ఆ ముడి జారకుండా పిన్నీసులు, మోచేతుల దాకా బుట్ట చేతుల రవికలు. ఆనాటి వేషానికి ఈ బుట్ట చేతులు ఎక్కడి నుంచి వచ్చిపడ్డాయా అని ముసిముసిగా నవ్వుకుంటున్నాను గానీ, ఆ పిల్లలు నిలబడ్డ తీరు చూసేసరికి నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

పాట ఎత్తుకునే అమ్మాయి అందరికన్నా ముందు నిలబడలేదు. వెనకగా నిలబడింది. మిగతావాళ్ళు ఆమె ముందు నెలవంకలా వంపు తిరిగి నిలబడ్డారు, ఇద్దరి తలల మధ్య నుంచి ఆమె ముఖం ఒక్కటే మనకి కనబడుతుంది. ఇది తరతరాలుగా వస్తున్న సంప్రదాయమనీ, శివుడి తలమీది చంద్రవంకకు గుర్తనీ మైకులో అమ్మాయి వివరించింది. నా కళ్ళు చెమర్చాయి. ఆ వంకలో నేనూ నిలబడ్డాను, అది మొట్టమొదటిసారి ఏర్పడిన సాయంత్రం.

మాది బొబ్బిలి వైపు పల్లె. వరి, మెట్ట మీద చోళ్ళు, అంటే రాగులు, నువ్వులు పండించుకునే ఇల్లు. మా ఊరి ఆడవాళ్ళ భజనలో పాట ఎత్తుకునేది మా నాయనమ్మ, అంటే మా నాన్నగారి తల్లి. కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో వాళ్ళ అత్తగారు అప్పగించిన పని అది, ఇంటి తాళంచెవులు అప్పగించినా ఆవిడ అంత మురిసిపోయి ఉండదు. ఆవిడ ఒక వరస అనేది, మేమంతా అదే వరస అందుకునేవాళ్ళం. పాట పైకి వెళ్ళేకొద్దీ ఆవిడ రెండు చేతులూ పైకి లేచేవి, చేతులు తలను దాటాయంటే గొంతు ఇక మన మధ్య ఉండేది కాదు. దేవుణ్ణి నిద్రలేపే పాట ఒకటుంది, అది ఆవిడ ఎత్తుకుంటేనే మాకు తెల్లవారినట్టుండేది.

నాయనమ్మ జన్మలో రవిక తొడిగి ఎరగదు. చీర కొంగును చంక కిందుగా తిప్పి భుజం మీద ముడేసుకునేది, అంతే. సూది దిగిన గుడ్డతో దేవుడి ముందుకు వెళ్ళకూడదని ఆవిడ పట్టింపు. ఆ తరం ఆడవాళ్ళందరిదీ అదే కట్టు, అందులో సిగ్గుపడవలసింది ఏదో ఉందని ఊళ్ళో ఎవరికీ తోచనే లేదు. రవికలు తొడుక్కున్న మేమూ, తొడుక్కోని వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని పాడుకునేవాళ్ళం.

నాకు పెళ్ళి కుదిరిన ఏడాది విజయనగరంలో భజన మేళాల సభ జరిగింది. మా ఊరికీ పిలుపు వచ్చింది, పూర్వకాలపు వేషంలో రమ్మన్నారు. ఆ పిలుపు అందుకున్నది మా చిన్నాన్న. చాలా మంచివాడు, కానీ నాటకాల పిచ్చి. పూర్వకాలం అనగానే ఆయన కళ్ళ ముందు స్టేజీ మీది రాణిగారు మెదిలారు కాబోలు, మాకందరికీ జరీ అంచు వేసిన ఎర్ర మఖమల్ రవికలు కుట్టించేశాడు. అసలైన పూర్వకాలం ఆయన ఇంట్లోనే చల్ల చిలుకుతూ కూర్చునుందని ఆయనకు తట్టలేదు. టైలరు కొలతలు తీసుకోవడానికి వస్తే నాయనమ్మ దగ్గరికి రానివ్వలేదు, దాంతో చిన్నాన్న తన అక్క, అంటే మా మేనత్త కొలతలే ఆవిడకీ ఇచ్చేశాడు. మేనత్త పీలమనిషి, నాయనమ్మవేమో నాట్లు వేసి, మోపులు మోసి కండలు తిరిగిన జబ్బలు.

కొడుకు ముచ్చటపడ్డాడు కదా అని ఆవిడ పట్టింపును పక్కన పెట్టి ఆ రవిక తొడుక్కుంది. వెళ్ళబోయే ముందు ఇంట్లో ఒకసారి పాడి చూసుకున్నాం. చేతులు భుజాల దాకా లేచి ఆగిపోయాయి, వాటితో పాటు గొంతూ అక్కడే ఆగిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అంతే.

"సేతులు కట్టీసినట్టున్నాదిరా, పాట పైకి నేవడం నేదు," అంది.

చిన్నాన్న తల దించుకున్నాడు. "అక్కడికి పెద్దపెద్దోళ్ళొస్తారమ్మా. రవిక నేకుండా నిన్ను నిలబెడితే నవ్వుతారు. నువ్వు ఎనకాల ఉండు, పాట అక్క ఎత్తుతాది," అన్నాడు.

తల్లిని చూసి నలుగురూ నవ్వుతారేమోనన్న భయమే తప్ప ఆయన మనసులో మరొకటి లేదు, అది నాకు అప్పుడూ తెలుసు. నాయనమ్మ సరేనని తలూపి, లోపలికి వెళ్ళి చోళ్ళు చెరగడం మొదలుపెట్టింది, అవి అంతకుముందే చెరిగేసినవి. మా ఊరి భజనకు అంత పెద్ద పిలుపు రావడం అదే మొదలు, ఆ పూటే ఆవిడ నోరు మూసుకుని వెనక నిలబడాలి. నాకు దుఃఖం ఆగలేదు.

సభలో మా వంతు దగ్గరపడింది. గుడ్డ తెరలు కట్టిన ఒక మూల మమ్మల్ని కూర్చోబెట్టారు. ఒకసారి పాడి చూసుకుందామని మేనత్త గొంతు సవరించుకుని పాట ఎత్తుకోబోయి ఆగిపోయింది. తమ్ముడి వైపు తిరిగి, "నాను ఎత్తనురా. ఆ పాట అమ్మది," అంది. తర్వాత నాయనమ్మ దగ్గరికి వెళ్ళి, "ఆ రవిక తీసీయే అమ్మా. నీకు మేమందరం అడ్డం నిలబడతాం, ఎవుడు నవ్వుతాడో సూస్తాను," అంది.

నాయనమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. చిన్నాన్న గబగబా బయటికి వెళ్ళి, మాకు వీపు పెట్టి, ఇటు ఎవరూ రాకుండా కాపలా నిలబడ్డాడు. ఆవిడ రవిక తీసి మడతపెట్టి, కళ్ళకద్దుకుని నా చేతికిచ్చింది. భుజం మీద ముడి బిగించుకుంది.

అలా స్టేజీ మీదికి వెళ్ళాం. మధ్యలో సందు లేకుండా ఒకరినొకరం ఒరుసుకుని, ఆవిడ చుట్టూ వంపు తిరిగి నిలబడ్డాం. ఆవిడ ఊపిరి నా మెడకు తగులుతూనే ఉంది. పాట మొదలైంది, పైకి వెళ్ళింది, మా తలల మీదుగా వెండి కడియాల చేతులు రెండూ లేచాయి. జనానికి కనిపించింది ఒక ముఖం, రెండు చేతులు. సభలో ఎవరూ నవ్వలేదు, నవ్వుదామని వచ్చినవాళ్ళు ఉన్నా ఆ గొంతు ముందు నవ్వలేరు.

పాట అయ్యాక ఆ సభ పెద్ద ఒకాయన వచ్చి, ఇలా నిలబడడం మీ ఆచారమా అని అడిగాడు. మా చిన్నాన్న కళ్ళు తుడుచుకుంటూనే, తాతల నాటి నుంచీ ఇంతేనండి అని ఠక్కున చెప్పేశాడు. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి మేం ఊళ్ళోనూ అలాగే నిలబడడం మొదలుపెట్టాం, మమ్మల్ని చూసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నేర్చుకున్నారు, నాయనమ్మ పోయాక కూడా అది పోలేదు. ఇప్పుడది శివుడి చంద్రవంక అయి కూర్చుంది.

ఇప్పటి అమ్మాయిలకు తమకు నచ్చిన బట్ట కట్టుకుని, తమంత తాముగా ముందుకొచ్చి పాడే ధైర్యం ఉంది, చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. నాయనమ్మ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. కానీ ఒక మనిషి కోసం ఇంకో పదిమంది మాట్లాడకుండా దగ్గరికి జరిగి నిలబడడం నేనీ మధ్య ఎక్కడా చూడలేదు, దానికోసం మాత్రం నా ప్రాణం కొట్టుకుంటుంది.

కార్యక్రమం అయ్యాక మనవరాలు ఆ చీరతోనే పరుగెత్తుకొచ్చి, వేషంలో తప్పులేమైనా ఉంటే చెప్పు అమ్మమ్మా, సరిదిద్దుకుంటాం అంది. బుట్ట చేతుల సంగతి నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. వేషం బాగానే ఉంది గానీ, మీలో మీకు మధ్య సందులు ఉన్నాయే, ఇంకొంచెం దగ్గరగా జరిగి నిలబడండి అన్నాను.