నా ఇత్తడి వాచీ, కమలాపురం సంబంధం

ఆ రోజుల్లో ప్రొద్దుటూరు ఆడపిల్ల ఒంటి మీద బంగారం లేకపోయినా జనం సర్దుకునేవారు గానీ, బంగారంలా కనిపించే ఇత్తడి ఉంటే మాత్రం ఊరుకునేవారు కాదు. ఊరంతా బంగారం వ్యాపారమే. మనిషి మొహం కన్నా ముందు మెడలో గొలుసు చూసేవారు. అలాంటి ఊళ్లో నేను నకిలీ వాచీ కట్టుకుని దర్జాగా తిరిగాను. సిగ్గుపడ్డానా అంటే, లేదు. ఇప్పుడూ పడను.

కర్నూలులో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు మాకు పాఠం చెప్పే దొరసాని చేతికి సన్నటి బంగారు వాచీ ఉండేది. ఆమె బోర్డు మీద రాస్తుంటే నేను అక్షరాలు వదిలేసి ఆ మణికట్టునే చూసేదాన్ని (నాకు మార్కులు తగ్గిన రహస్యం అదే). మా ఊరి ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చి, మొదటి జీతం అందుకున్నాక, సర్టిఫికెట్టు కోసం కర్నూలు వెళ్తే బజారులో అచ్చం అలాంటి వాచీ కనిపించింది. అంగడి సాయిబు దాచలేదు. "అసలుది కాదు బేటీ, దాని చెల్లెలు. మొగం మాత్రం ఒకటే" అన్నాడు. అక్కలు దొరసానుల దగ్గరికి పోతే చెల్లెళ్లు నాలాంటివాళ్ల దగ్గరికి రాక ఎక్కడికి పోతారు? కొనేశాను.

ఇంట్లో మా అవ్వ, అంటే నాన్న తల్లి, రోజూ సాధించేది. "గాజుల చేతికి ఇత్తడేందమ్మీ! నలుగురు చూస్తే మన పరువేం గావాల?" టైము తెలియడానికవ్వా అంటే, "పొద్దు యాడుండాదో చూస్తే తెలీదా?" అనేది. నేను మాత్రం గాజుల మధ్యనే దాన్ని కట్టుకుని బడికి పోయేదాన్ని. మా ఇంటికంతటికీ గడియారం అదొక్కటే.

అంతలో కమలాపురం సంబంధం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పెళ్లికొడుకు, వాళ్లమ్మ, మేనమామ దిగారు. మేనమామ బంగారం వ్యాపారి. చొక్కా జేబులో గీటురాయి లేనిదే గడప దాటడట (అందుకే ఆయనకు గీటురాయి మామ అని పేరు పెట్టుకున్నాను). మాట్లాడిందంతా ఆయనే. "చూడప్పా, పెండ్లయినాక పాప బడీ గిడీ మానేయాల. ఇంగొకటి, మావోని చేతికి వాచీ లేదు. మీరు బంగారు వాచీ పెట్టాల." నాన్న రెండింటికీ తల ఊపాడు. నాకు ఒళ్లు మండింది. బంగారం పెట్టడం నాన్న ఇష్టం, ఉద్యోగం నాది కదా! నాలుగున్నరకు రాహుకాలం, ఆ లోపలే తాంబూలాలు మార్చుకుందాం అన్నారు. తాంబూలాలు మారితే పెళ్లి ఖాయం, ఇక నాకు బడి లేదు.

ఇంతలో గీటురాయి మామ కన్ను నా చేతి మీద పడింది. "ఏదీ, ఇట్లియ్యి పాపా" అని వాచీ తీసుకుని, వెనక్కి తిప్పి, రాయి మీద పెట్టి గట్టిగా గీశాడు (పిల్లను చూడడానికి వచ్చినవాడు వాచీని గీకడమేమిటో!). "ఇత్తడి" అన్నాడు. నాన్న నేల చూపులు చూశాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చెయ్యి చాచి వాచీ వెనక్కి తీసుకున్నాను. "ఇత్తడే. నా జీతంతో కొన్నాను, నడుస్తుంది. మీది నడుస్తుందా?" అన్నాను. ఆయన జేబులోంచి గొలుసు గడియారం తీసి అందరికీ చూపించాడు. "ఇది నిలబడి శానా ఏండ్లాయె. అయితేనేం, మేలిమి బంగారం!"

అప్పుడు పెళ్లికొడుకు తల్లి కంగారుపడింది. "రాహుకాలం వస్తాందేమో, టైమెంతో చూడండప్పా." పొద్దు చూద్దామంటే, ఏడాది పొడుగునా మాడ్చే సూర్యుడు ఆ రోజే మబ్బులో దూరాడు. పెళ్లికొడుకు కుడిచెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చొక్కాచేతిని పైకి లాగింది. కింద తళుక్కుమని వాచీ! గీటురాయి మామ గట్టిగా దగ్గాడు. పెళ్లికొడుకు గబుక్కున చొక్కాచేతిని కిందికి లాక్కుని దూలాలు లెక్కపెట్టసాగాడు. ఉన్న వాచీని దాచి, లేదని మమ్మల్ని అడుగుతున్నారన్నమాట.

ఇక అందరూ నా ఇత్తడి వైపే చూశారు. నేనూ చూశాను. ఆయన గీకిన గీకుడికి అది నాలుగుకు ఇంకా పది నిమిషాలుందనగానే ఆగిపోయి ఉంది. తల ఎత్తి, పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో చెప్పాను. "నాలుగున్నర దాటింది. రాహుకాలం వచ్చేసింది."

"అప్పుడేనా! ఇత్తడి చెప్పే టైము నమ్మేదెట్లా?" అని మామ గింజుకున్నాడు. "అయితే బంగారం చెప్పే టైము చూపించండి" అన్నాను. పెళ్లికొడుకు నా వైపు ఒక్కసారి చూశాడు. నోరు మాత్రం విప్పలేదు. రాహుకాలం పోయేదాకా ఆగితే వాళ్లకు బస్సు దొరకదు. మళ్లీ వస్తామని మామ అంటుండగానే అవ్వ లేచింది. "రాహువే అడ్డం పడినాక ఈ సంబంధం మాకొద్దు నాయనా" అంది.

వాళ్లు వెళ్లాక అవ్వ నా వాచీ అడిగి తీసుకుని చెవికి ఆనించుకుంది. చాలాసేపు విన్నది. తర్వాత నా గాజుల మధ్య మళ్లీ తనే కట్టింది. "రేపు బడికి రవ్వంత ముందే పో అమ్మీ. నీ గడియారం నిలబడిపోయిండాది" అంది.

బడి మానమని అడగని మనిషినే తర్వాత చేసుకున్నాను. రిటైరైన రోజు బడివాళ్లు అసలు సిసలు వాచీ పెట్టారు. అది ఎప్పుడూ నిజమే చెబుతుంది, నాకు దానితో పెద్దగా స్నేహం కుదరలేదు. ఆ పెళ్లికొడుకు నోరు మూసుకుని నన్ను కాపాడాడో, తనను తాను కాపాడుకున్నాడో ఇప్పటికీ తెలియదు. అప్పుడప్పుడు పెట్టె తీసి ఇత్తడి వాచీని అవ్వలాగే చెవికి ఆనించుకుంటాను. ఏమీ వినబడదు. అంతమంది ముందు తల ఎత్తి నాలుగున్నర అన్న ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది, ఆ పిల్ల మీద కొంచెం బెంగ కూడా వస్తుంది.