జాలీకి పెట్టిన బొట్టు

మా నాయన సంగయ్య కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క వేలితోనే ఎన్నో పనులు నేర్చుకున్నాడు గానీ, ఎడమచేత్తో నలుగురిలో అన్నం తినడానికి మాత్రం సిగ్గుపడేవాడు. పెళ్లికి పోతే అక్షింతలు వేసి, బంతిలో కూర్చోకుండానే ఇంటికొచ్చేవాడు.

మాది మొగుడంపల్లి. భూమి లేదు. నాయన జహీరాబాద్‌లోని ఒక పప్పు మిల్లులో మోటారు నడిపేవాడు. అదే మిల్లులో నేను కందులు చెరిగేదాన్ని. మోటారు నుంచి పెద్ద చక్రానికి వెడల్పాటి బెల్టు తిరుగుతుంటే, ఎవరి చెయ్యీ పోకుండా దాని ముందు ఇనుప జాలీ ఉండేది.

1978 దసరా. ఆయుధపూజ చేసేది మిల్లు సేటు రేవణసిద్ధప్ప తల్లి సావిత్రమ్మ.

"సంగయ్యా, జాలీకి బొట్టు పెడితే చక్రానికి పెట్టినట్టా? జర ఆ అడ్డం తియ్యి" అన్నదామె.

నాయన జాలీ విప్పి గోడకు ఆనించాడు. ఆమె చక్రానికి విభూతి, కుంకుమ పెట్టి, జాలీకి కూడా బొట్టు పెట్టి బంతిపూల దండ వేసింది. దండ వేసినదాన్ని మూడోనాడు ఆమె ఆ దండ తీసేదాకా ఎవరూ కదపకూడదు, అది వాళ్లింటి ఆచారం. ఏటా ఆ మూడు రోజులు మిల్లు బందే. ఆ ఏడు మాత్రం బొంబాయి లారీ వచ్చి నిలబడిందని సేటు మర్నాడే మోటారు వేయమన్నాడు. నాయన వేశాడు. దండతో ఉన్న జాలీని మాత్రం ముట్టుకోలేదు. దేవుడు ఏమనుకుంటాడో అని ఆలోచించిన మనిషికి బెల్టు ఏం చేస్తుందో తోచకపోయింది! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మధ్యాహ్నం నాయన చక్రానికి నూనె పోస్తుంటే అంగీ చెయ్యి బెల్టుకు చిక్కింది. నాలుగు వేళ్లు పోయాయి.

రేవణసిద్ధప్ప చెడ్డవాడని నేననను. దవాఖాన ఖర్చు పెట్టుకున్నాడు, జొన్నల బస్తా పంపాడు. కట్టు మార్చే కాంపౌండర్ మదన్‌మోహన్ మాత్రం ఊరుకోలేదు.

"సంగన్నా, బస్తా ఆయన దయ. పనిల చెయ్యి పోతే పరిహారం నీ హక్కు. కానూన్ల ఉన్నది. సంగారెడ్డి లేబర్ ఆఫీసుల దర్ఖాస్తు పెట్టు, నేను రాసిస్త."

"వాళ్ల ఉప్పు తిన్న సారూ. తప్పు గూడ నాదే" అని నాయన గింజుకున్నాడు. నేనే ఆయనతో వేలిముద్ర వేయించాను. వెయ్యకపోతే ఊరికి తిరిగిపోయి ఒంటిచేత్తో ఎవరి పొలంలోనో నాగలి పట్టాలి. అది జరిగే పనేనా?

విచారణ రోజు సేటు వకీలు ఒక్క మాటే పట్టుకున్నాడు. రక్షణకు పెట్టిన జాలీని పనివాడే కావాలని తీసేస్తే పరిహారం రాదట.

"జాలీ తీసింది నువ్వేనా?" అని ఆఫీసరు అడిగాడు.

"నేనే తీసిన సార్" అన్నాడు నాయన. అంతే. ఎవరు తీయమన్నారో చెప్పలేదు. ఆఫీసరు వాయిదా వేశాడు. ముసలమ్మను కచేరీకి ఈడ్వనని నాయన బస్సులో నాతో అన్నాడు.

నేను దిగీదిగగానే సావిత్రమ్మ ఇంటికి పోయాను.

"మీ బొట్టు కోసం తీసిండు మా నాయన. మీ పేరు చెప్పనంటుండు. మమ్ముల ఏం జేయమంటరమ్మా?"

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. నేను తాగకుండానే వచ్చేశాను. ఆ పొగరుకు తర్వాత చాలా సిగ్గుపడ్డాను.

ఎందుకంటే వాయిదానాడు అరవై దాటిన ఆ మనిషి బస్సెక్కి సంగారెడ్డి వచ్చింది. కొడుకు పక్కన కాదు, మా నాయన పక్కన కూర్చుంది.

"తియ్యమన్నది నేను. దండ వేసింది నేను. నేను తీసేదాకా ఎవలు ముట్టొద్దన్నది గూడ నేనే సార్."

"అమ్మా, మీ మాటతో మీ కొడుకే పరిహారం కట్టాల్సి వస్తుంది. తెలుసా?"

"కట్టనియ్యి సార్. పూజ నాది. చెయ్యి ఆయనది."

రేవణసిద్ధప్ప తల్లి వైపు చూసి తల వంచుకుని, "అవ్వ చెప్పింది నిజమే సార్" అన్నాడు. యజమాని ఇంటివాళ్లు తీయిస్తే అది పనివాడి తప్పు కాదని ఆఫీసరు రాశాడు. పరిహారం వచ్చింది. దానితో రెండు బర్రెలు కొన్నాం. సేటు నాయనను మళ్లీ మిల్లుకు పిలిచాడు. జాలీ బిగించి ఉందని నాయన చూసి చెప్పందే మోటారు వేయకూడదని కట్టడి పెట్టాడు. మదన్‌మోహన్ రాసిన దర్ఖాస్తు నకలు మా ఇంట్లో దేవుడి పటం వెనక ఇప్పటికీ ఉంది.

మరుసటి దసరాకు జాలీ విప్పలేదు. సావిత్రమ్మ కుంకుమ పళ్లెం నాయన ముందు పెట్టింది.

"నువ్వు పెట్టు సంగయ్యా."

నాయన ఎడమచెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఆ చెయ్యితోనే పెట్టు. ఏం కాదు."

పెట్టాడు. తర్వాత వాళ్లింటి బంతిలో ఆమె వడ్డిస్తుంటే, అందరి ముందు, ఎడమచేత్తో కడుపునిండా తిన్నాడు.