వైకుంఠపాళి ముందువైపు

డెబ్బైల్లో విజయవాడ వన్ టౌన్‌లో మాది వైకుంఠపాళి పటాలు అచ్చువేయించి అమ్మే కొట్టు. ఎదురుకొట్టు బాబాయిగారు అష్టాచెమ్మా పటాలు వేయించేవారు. ఒకసారి ఇద్దరం కలిసి, ఒకే కాగితానికి చెరోవైపు చెరో ఆటా వేయిద్దామనుకున్నాం. ముందువైపు ఏది ఉండాలన్న దగ్గర మాత్రం బేరం తెగలేదు. కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, వదులుతానా? టీలు తాగించి, కబుర్లు చెప్పి, ముందువైపు మా పాములకే రాయించుకున్నాను.

"సరేలే అబ్బాయ్, నీ మాటే కానివ్వు," అన్నారాయన, మరీ తేలిగ్గా.

పటాలు వచ్చాయి. రంగు చెదరకుండా ముందువైపును లోపలికి పెట్టి మడవడం ప్రెస్సువాళ్ళ అలవాటట. కొనేవాళ్ళకు పైకి కనిపించేవన్నీ ఆయన గళ్ళే. మా పాములు మడతల్లో హాయిగా నిద్రపోతున్నాయి.

"ఇలా మడుస్తారని మీకు ముందే తెలుసా బాబాయిగారూ?"

"తెలీకేం? నువ్వు ముందువైపు అడిగావు, ఇచ్చాను. మడత సంగతి అడిగావా?"

నాకూ నవ్వాగలేదు. ఆ సాయంత్రం ఆయనే మా అరుగు మీద కూర్చుని, మా వాటా పటాలన్నీ పాములు పైకి వచ్చేలా నాతోపాటు తిరగమడిచారు. నేను మడిచినవి వంకరపోతుంటే, "ఇటివ్వు, బేరగాడా!" అని లాక్కుని మళ్ళీ సరిచేశారు.